గుమ్మం దాటిన చెప్పులు

మా ఆయనకి పొద్దున్న లేవగానే నడక రాదు. మంచం మీంచి మొదటి అడుగు వేశారంటే "అబ్బా!" అని గోడ పట్టుకుంటారు. రెండో అడుగుకి "ప్రభువా!" అంటారు. అలా ప్రార్థన చేసుకుంటూ పది అడుగులు వేసి వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మనిషి సర్దుకుని, ఏమీ జరగనట్టు "కాఫీ అయిందా గ్రేసూ?" అని అడుగుతారు. నేను ఊరుకుంటానా? "అయింది. గోడకి కూడా ఒక గ్లాసు పొయ్యనా, పొద్దున్నే మిమ్మల్ని మోసి అలిసిపోయుంటుంది" అంటాను. ఆయన నవ్వేస్తారు. నాకు ఒళ్లు మండుతుంది.

ఆయన పేరు సత్యానందం. బందరులో మూడు నాలుగు పేటలవాళ్లకి ఆ పేరు చెబితే తెలియదు, కాంపౌండరుగారంటేనే తెలుస్తుంది. ఒక డాక్టరుగారి దగ్గర ముప్ఫై ఒక్క సంవత్సరాలు పనిచేశారు. డాక్టరుగారు పోయారు, ఆస్పత్రి మూతపడింది, పేషెంట్లు మాత్రం ఈయన్ని వదల్లేదు. ఒకరికి ఇన్సులిన్ పొడవాలి, ఒకరికి బీపీ చూడాలి, ఒకరికి పుండు కడిగి కట్టు కట్టాలి. పొద్దున ఒక విడత, సాయంత్రం ఒక విడత, ఇంటింటికీ నడిచే వెళ్తారు. పూర్వం మోపెడ్ ఉండేది. దాని మీంచి రెండుసార్లు పడ్డాక నేనే దగ్గరుండి అమ్మించేశాను. అరవై రెండేళ్ల మనిషి, ఇంట్లో కూర్చుని పేపరు చదువుకోవచ్చుగా అంటే, "కూర్చుంటే కీళ్లు పట్టేస్తాయి" అంటారు. కూర్చున్నా పడుకున్నా పట్టేవి పడుతూనే ఉన్నాయి, అది వేరే సంగతి.

ఆయన కాళ్ల చరిత్ర చెప్పాలంటే మా చర్చి చరిత్ర కూడా కొంత చెప్పాలి. కుడికాలి చీలమండ మొదటిసారి మెలిక పడింది మోపెడ్ మీద. రెండోసారి క్రిస్మస్ ఆటల పోటీల్లో. పెళ్లయినవాళ్లకీ పెళ్లికానివాళ్లకీ బాల్ బ్యాడ్మింటన్ పెడితే, యాభై ఆరేళ్ల వయసులో ఈయన బంతి కోసం గాల్లోకి లేచారు. లేవడం బాగానే లేచారు, దిగడమే కుదరలేదు. మూడోసారి క్రిస్మస్ నాటకంలో. తూర్పుదేశపు జ్ఞాని వేషం వేసి, పొడుగు అంగీ కాళ్లకి చుట్టుకుని, బాలయేసు దగ్గరికి వెళ్లాల్సినవారు స్టేజీ మెట్ల మీంచి తబలా వాయించే అబ్బాయి ఒళ్లోకి వెళ్లారు. జనం నాటకంలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. నేను మాత్రం కట్టు గుడ్డ కోసం పరుగెత్తాను.

ఆ కుడికాలిని కాపాడుకుంటూ బరువంతా ఎడమకాలి మీద వేసి నడవడం వల్ల రెండేళ్ల కిందట ఎడమ మడమ మొదలుపెట్టింది. ఎముకల డాక్టరుగారికి చూపించాం. మడమ కింద వాపుందన్నారు. "నడక మానక్కర్లేదు. పిక్కలు సాగదీసే వ్యాయామం చెయ్యండి. ఉత్తకాళ్లతో మాత్రం ఒక్క అడుగు వెయ్యొద్దు" అని గట్టిగా చెప్పారు.

"ఉత్తకాళ్లతో నేనెందుకు నడుస్తానండీ?" అన్నారు ఈయన, అవమానం జరిగినట్టు.

కోనేరు సెంటర్లో మెత్తటి బూట్లు కొన్నాం. తెల్లగా, మందంగా, కొత్తపెళ్లికొడుకులా ఉన్నాయి. ఈయన వాటిని రోజూ తుడిచి పెట్టుకునేవారు. పొద్దున్నే మెట్టు అంచున నిలబడి పిక్కలు సాగదీసేవారు. నీళ్లసీసా ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, కింద పెట్టి అరికాలితో దొర్లించేవారు. కరిగాక అది మంచినీళ్ల సీసా అనుకుని నేనోసారి తాగేశాను కూడా. ఇంత చేస్తే నొప్పి తగ్గింది. రెండు నెలలకి మళ్లీ వచ్చింది. మళ్లీ తగ్గింది. మొన్న మార్చిలో మూడోసారి వచ్చి, ఇక పోనంటే పోనని కూర్చుంది.

ఈసారి డాక్టరుగారికి కూడా విసుగొచ్చింది. "నెలాఖరుదాకా చూద్దాం. తగ్గకపోతే ఈ తిరుగుళ్లు మానెయ్యాల్సిందే కాంపౌండరుగారూ. పూర్తిగా" అన్నారు.

ఆ సాయంత్రం ఈయన వరండాలో కూర్చుని, పాత మందుల చీటీల వెనక ఏదో రాస్తున్నారు. వంగి చూశాను. పేషెంట్ల పేర్లు. ఒక్కో పేరు పక్కన ఎవరికి అప్పగించాలో రాస్తున్నారు. 'చెయ్యి పట్టుకోకపోతే సూది వేయించుకోదు' అని ఒక పేరు కింద, 'ముందు మనవడి కబుర్లు అడగాలి' అని ఇంకో పేరు కింద రాసి ఉంది. నాకు ఒక్కసారి భయం వేసింది. కూర్చోండి, కూర్చోండి అని ఇన్నేళ్లు పోరుపెట్టింది నేనే. నిజంగా కూర్చోబోతుంటే మనిషి సగమైపోయినట్టు కనిపించారు. ఈ తిరుగుడు పోతే ఈయన నాకు మిగలరని ఆ పూటే నాకు తెలిసిపోయింది.

మర్నాడు పొద్దున్నే చీర మార్చుకుని సంచీ నేను అందుకున్నాను.

"నువ్వెక్కడికి?" అన్నారు.

"మీతోనే. బరువు లేకుండా నడిస్తే మడమకి మంచిదట" అని అప్పటికప్పుడు అబద్ధం ఆడాను. నేను రిటైరైన టీచర్ని. ముప్ఫై ఏళ్లు మునిసిపల్ స్కూల్లో రెండో తరగతి పిల్లల్ని కాచాను. తప్పు ఎక్కడ జరుగుతోందో పక్కన నిలబడి చూస్తే గాని తెలియదు.

మొదటి ఇల్లు. గుమ్మం దగ్గర వంగి, లేసులు విప్పి, బూట్లు పక్కన పెట్టి లోపలికి వెళ్లారు. హాలు దాటి, వసారా దాటి, పెరటివైపు గదిలో ముసలాయన. చల్లటి టైల్సు మీద నిలబడి బీపీ చూశారు, సూది వేశారు, ఆయన చెప్పే కబుర్లన్నీ నిలబడే విన్నారు. వచ్చి బూట్లు తొడుక్కున్నారు. నాలుగిళ్ల అవతల రెండో ఇల్లు. మళ్లీ విప్పారు. ఎదురుగానే మూడో ఇల్లు. అక్కడికి తొడుక్కోనే లేదు, బూట్లు చేత్తో పట్టుకుని సిమెంటు రోడ్డు దాటేశారు.

ఏడిళ్లు అలా చూశాను. ఏడో ఇంటి ముందు నా వల్ల కాలేదు.

"ఏవండీ, ఆ బూట్లు ఎందుకు కొన్నాం?" అన్నాను.

"నడవడానికి."

"పొద్దుట్నుంచీ అవి నడిచింది ఎంత, గుమ్మాల దగ్గర కూర్చుంది ఎంత? వాటి మడమలు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి! ఉత్తకాళ్లతో నడవొద్దన్నారా లేదా డాక్టరుగారు?"

ఆయన నావైపు తెల్లబోయి చూశారు. "అది రోడ్డు సంగతి గ్రేసూ. ఇళ్లలోకి చెప్పులేసుకుని వెళ్తారా ఎవరైనా?"

అంతే. అదీ సంగతి. రెండేళ్ల నొప్పికి కారణం ఒక్క మాటలో చెప్పేశారు. నన్ను నేను కూడా తిట్టుకోవాలి. మా ఇంట్లోనూ ఆ బూట్లు గేటు దగ్గరే ఉంటాయి. అక్కడ పెట్టించింది నేనే. డాక్టరుగారు ఉత్తకాళ్లు అన్నప్పుడు మా ఇద్దరి బుర్రల్లోనూ మెదిలింది రోడ్డే. ఇల్లు నడిచే చోటని మాకెవరికీ తోచలేదు. పైగా రోజుకి ఇరవై ఇళ్లు తిరిగే మనిషాయె.

ఎనిమిదో ఇల్లు రావమ్మగారిది. ఎనభై ఏళ్ల మనిషి. మొవ్వ దగ్గర పొలాలున్న కుటుంబం, కొడుకు కాంతారావుగారి వ్యాపారం కోసం బందరు వచ్చి ముప్ఫై ఏళ్లయింది. హాలు నిండా పాలరాయి. గేటు నుంచి ఆవిడ మంచం దాకా చిన్న ఊరేగింపంత దూరం. ఆవిడకి షుగరు. కుడికాలి బొటనవేలి కింద పుండు పడి మూడు నెలలైంది, మానడం లేదు.

ఈయన నేల మీద కూర్చుని కట్టు విప్పి చూశారు. చూసి గొంతు పెంచారు.

"మెత్తచెప్పులు వేసుకోమన్నానా లేదా అమ్మగారూ? నొక్కుడు పడితే ఇది మానదు. ఎక్కడున్నాయవి?"

"బీరువాలో ఉన్నాయి. భద్రంగా" అందావిడ దర్జాగా.

"బీరువాకి షుగరుందా?"

"ఇంట్లో చెప్పులేసుకుని దేవుడి గది ఎదురుగా టకటకా తిరగమంటావా సత్యానందం? ఇంక ఈ ఇంట్లో లక్ష్మి ఉంటుందా? వేలు పోతే పోయింది, ఇంకా తొమ్మిదున్నాయి."

నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చేశాయి. "ఇద్దరూ ఇద్దరే!" అన్నాను. "ఒకరు వేలు పోయినా పర్వాలేదంటారు, ఒకరు మడమ పోయినా పర్వాలేదంటారు. మర్యాద మాత్రం పోకూడదు!"

"గ్రేసూ" అన్నారు ఈయన హెచ్చరికగా. పేషెంట్ల ముందు తన నొప్పి సంగతి ఎత్తకూడదని ఆయన పట్టుదల.

ఆవిడ మంచం మీంచి ముందుకి వంగింది. "అదా సంగతి. నెలరోజులుగా చూస్తున్నా, కుంటుతున్నావు. అడిగితే రాయి తగిలిందన్నావు. ఏమ్మా, డాక్టరు ఏమన్నాడు?"

చెప్పేశాను. నెలాఖరు గడువుతో సహా మొత్తం చెప్పేశాను. ఆవిడ ఈయన కాళ్లవైపు ఓసారి, తన కాలివైపు ఓసారి చూసి బేరం పెట్టింది.

"సరే. ఈ ఇంట్లోకి నువ్వు చెప్పులు వేసుకుని రా. ఆ రోజే నేనూ వేసుకుంటా. తను చెయ్యని పని ఎదుటివాళ్లకి చెప్పేవాళ్ల మాట నేను వినను."

మంచి బేరమే కదా, నవ్వుతూ ఒప్పుకుంటారనుకున్నాను. మా ఆయన మొహం పాలిపోయింది. "అది కుదరదండీ అమ్మగారూ" అని గబగబా కట్టు కట్టేసి లేచారు.

సాయంత్రం వరండాలో నేనే కదిపాను. "ఏముందండీ అందులో? ఆవిడే రమ్మంటోంది కదా. కొత్త జత, రోడ్డు తొక్కనిది, ఇళ్లలోకి మాత్రమే వేసుకోండి. కడిగి పెట్టుకుందాం."

అప్పుడు చెప్పారు. వాళ్లది దివిసీమలో నాగాయలంక వైపు పల్లెటూరు. వాళ్ల తాత అబ్రహాము పొలం పనికి వెళ్తూ పెద్దకులాల వీధి మొదట్లోకి రాగానే చెప్పులు విప్పి చంకలో పెట్టుకునేవాడట. వీధి దాటాక మళ్లీ తొడుక్కునేవాడట.

"నాకు ఆరేళ్లుంటాయి. తాత వెంట వెళ్తున్నా. ఎండకి నేల కాలిపోతోంది. చెప్పులు పెట్టుకుని ఎందుకు విప్పావు తాతా అని అడిగాను. అరిగిపోతాయిరా అన్నాడు. చాలా ఏళ్లు నిజమే అనుకున్నాను గ్రేసూ. మా తాత ఎంత పొదుపరో అనుకున్నాను." మడమ రుద్దుకుంటూ, "రావమ్మగారు మంచి మనిషే. కానీ ఆ గుమ్మంలోకి చెప్పులతో వెళ్లాలంటే నా కాళ్లు రావు. నొప్పి వల్ల కాదు" అన్నారు.

నాకు కోపం ఎక్కువని మా వీధి మొత్తానికి తెలుసు. ఆ సాయంత్రం మాత్రం ఆ కోపం ఎవరి మీద చూపించాలో నాకు తెలియలేదు. అబ్రహాము తాతని నేను చూడలేదు. చూడని మనిషి కోసం ఏడుపొచ్చింది. లోపలికి వెళ్లి వేడి ఉప్పునీళ్లు తెచ్చి ఆయన కాళ్ల కింద పెట్టాను.

వారం గడిచింది. నెలాఖరు దగ్గర పడుతోంది. మడమ అలాగే ఉంది. మా ఇంట్లో మాత్రం ఆయన చేత కోనేరు సెంటర్లో కొన్న కొత్త మెత్తచెప్పులు తొడిగించాను. నా ఇల్లు, నా ఇష్టం. ఈలోగా రావమ్మగారి పుండు అంచు నల్లబడింది. షుగరు డాక్టరుగారు చూసి, ఇంకో పదిహేను రోజులు ఇలాగే ఉత్తకాళ్లతో తిరిగితే వేలు తీసెయ్యాలన్నారట. కాంతారావుగారు ఫోన్ చేశారు. "మీరు చెబితేనే వింటుంది సత్యానందం గారూ. నా మాట అసలు లెక్కపెట్టదు. ఏం చెప్పినా, ముందు అతను వేసుకోవాలి అంటోంది. అతనెవరో, ఏం వేసుకోవాలో నాకర్థం కావడంలేదు" అన్నారు.

ఫోన్ పెట్టేసి ఈయన మందుల సంచీ దగ్గరికి లాక్కుని కట్టు గుడ్డలు లెక్కపెట్టుకున్నారు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఎన్నో వేళ్లు కాపాడారు, కొన్ని పోవడం చూశారు. పోయినవాటి సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పరు. మర్నాడు పొద్దున సంచీ సర్దుతుంటే ఆయనే ఇంట్లో వేసుకునే చెప్పుల్ని సబ్బుతో కడిగి, తుడిచి, శుభ్రమైన గుడ్డసంచీలో పెట్టుకోవడం చూశాను. నేనేమీ చూడనట్టు కాఫీ కలిపాను.

రావమ్మగారి గుమ్మం ముందు బూట్లు విప్పారు. సంచీలోంచి చెప్పులు తీసి కిందపెట్టారు. వాటిలో కాళ్లు పెట్టారు. పెట్టి, అక్కడే నిలబడిపోయారు. ఎదురుగా తెల్లటి పాలరాయి. నేను వెనకే నిలబడ్డాను. పదండి అని తొయ్యాలని చేతులు దురద పెడుతున్నాయి. తొయ్యలేదు. ఇది ఆయన వెయ్యాల్సిన అడుగు.

లోపల్నుంచి కేక. "గుమ్మంలో నిలబడి ప్రసంగం చెబుతావా ఏంటి? పుండు నా కాలికుంది, గుమ్మానికి లేదు!"

వేశారు. ఒకటి, రెండు, మూడు. పాలరాయి మీద టప్పు టప్పుమని చప్పుడు. ఆ చప్పుడుకి ఆయనే ఉలిక్కిపడుతున్నారు. మంచం దాకా వెళ్లారు. రావమ్మగారు బీరువాలోంచి తీయించిన చెప్పుల పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఈయన కాళ్లవైపు చూసింది, తన ఎడమకాలికి చెప్పు తొడుక్కుంది. కుడికాలు ఈయన ముందుకి చాచింది. "కట్టు కట్టి, దీనికి నువ్వే తొడుగు" అంది. దేవుడి గదివైపు మాత్రం ఆ పూట తలెత్తి చూడలేదు.

ఈయన నేల మీద కూర్చుని పుండు కడగడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే కాంతారావుగారు బయటి నుంచి వచ్చారు. గుమ్మంలో చెప్పులు విప్పి, హాల్లోకి రెండడుగులేసి ఆగిపోయారు. వాళ్లమ్మ కాలికి చెప్పు. కింద కూర్చున్న కాంపౌండరు కాళ్లకి చెప్పులు. పక్కన దేవుడి గది తలుపు తెరిచే ఉంది.

మా ఆయన చేతులు ఆగిపోయాయి. కూర్చున్నచోటే ఒక చెప్పుని వేళ్లతో వెనక్కి నెట్టేశారు.

రావమ్మగారు చూసింది. "తీశావంటే నేనూ తీసేస్తాను. తర్వాత నా వేలు పోతే ఆ పాపం నీదే. తొడుక్కో" అంది, కొడుకు వైపు తిరక్కుండానే.

ఆయన తొడుక్కున్నారు. కాంతారావుగారు ఒక్క మాట తేడాగా అంటే చాలు, వడ్డీతో సహా తిరిగి ఇవ్వడానికి నాలుగు మాటలు నాలుక చివర పెట్టుకుని నిలబడ్డాను.

కాంతారావుగారు దగ్గరికి వచ్చి వంగి ఆ చెప్పులవైపే చూశారు. "ఇవి ఎక్కడ కొన్నారండీ?" అన్నారు. "మా ఆవిడ మడమ నొప్పని మూడు నెలలుగా ప్రాణం తీస్తోంది."

నా నాలుగు మాటలూ నోట్లోనే ఉండిపోయాయి. మింగేశాను.

"కోనేరు సెంటర్లోనండీ" అన్నారు మా ఆయన. తల ఎత్తి చెప్పారు. ఇంజెక్షన్ వేయించుకోనని మొండికేసేవాళ్లతో మాట్లాడే గొంతు అది, నాకు బాగా తెలుసు. "కొని బయట పెడితే లాభం లేదు. ఇంట్లో వేసుకోమనండి. వంట చేసేటప్పుడు కూడా. ఉత్తకాళ్లతో ఒక్క అడుగు వెయ్యొద్దనండి."

కట్టు పూర్తయింది. రావమ్మగారి కుడికాలికి ఆయనే చెప్పు తొడిగారు. చేతులు కడుక్కోవడానికి హాలు ఆ చివరికి వెళ్లి వచ్చారు. ఈసారి చప్పుడుకి ఉలిక్కిపడలేదు. నిటారుగా నడిచారు. మంచం దిగి ఆవిడ కూడా నాలుగడుగులు వేసి, "చీ, జారుతున్నట్టుంది" అని తిట్టుకుంటూ ఇంకో నాలుగు వేసింది.

గేటు బయటికి వచ్చి బూట్ల లేసులు కట్టుకుంటుంటే చూశాను, ఆయన భుజానికి కళ్లు తుడుచుకుంటున్నారు.

"నొప్పిగా ఉందా ఏవండీ?" అన్నాను. నా కళ్లు మాత్రం పొడిగా ఉన్నాయా ఏంటి.

"ఉండదూ? రెండేళ్ల నొప్పి ఒక్క పూటకే పోతుందా?" అన్నారు.

"మరి నెలాఖరుకి..."

"నెలాఖరుకేముంది?" అని లేచి సంచీ నా చేతిలోంచి లాక్కుని భుజాన వేసుకున్నారు. "పద పద, రాజుపేటలో ఇంకా ముగ్గురున్నారు."